పాతర, గిడ్డంగి, గోదాము

మక్తల్ నుండి రాయచూరు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మా మనుమడు ఒక ప్రశ్న వేసినాడు. రోడ్డు పక్కన పొడవైన రేకుల కప్పుతో ఒక కట్టడం, దాని నుదుట 'గోదాము' అన్న అక్షరాలు. "తాతా, గోదాము తెలుగు మాటేనా?" అని వాని సందేహం. కాదని చెప్పబోయి ఆగినాను. నలభై ఏండ్లు తెలుగు చెప్పిన వానికి ఆ ఒక్క క్షణం ఆగడం అలవాటుగా మిగిలిపోయినది.

ఆ మాట చరిత్ర వింత అయినది. ఆంగ్లేయులు 'గోడౌన్' అన్నది వారి సొంత పదం కాదు. 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు ప్రకటించిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు, ఆ పదం మలయ భాష నుండి వచ్చినదని చెప్పి, మలయ పదానికి మూలంగా తెలుగు 'గిడంగి'ని, తమిళ 'కిడంగు'ను చూపినది. తమిళంలో 'కిడ' అంటే పడి ఉండుట. సరుకు పడి ఉండే చోటు గిడంగి, లేదా గిడ్డంగి. మన తీరపు వర్తకులతో పాటు ఓడ ఎక్కి తూర్పు దీవులకు పోయిన మాట, అక్కడ పోర్చుగీసుల నోటబడి, ఆంగ్లేయుల దస్త్రాలలో చేరి, హిందీ ఉర్దూలలో 'గోదాం' అయి, చిట్టచివరకు మా మక్తల్ రోడ్డు మీద రేకుల కప్పు కింద నిలిచినది. ఆడపిల్ల అత్తవారింటి పేరు పెట్టుకొని పుట్టింటికి వచ్చినట్లు వచ్చినది. పుట్టింటివారు గుర్తు పట్టలేదు, అంతే.

అయితే మిత్రులారా, ఆ పుట్టిల్లు కోస్తా తీరం. మెట్టసీమ అయిన మా పాలమూరు పల్లెలకు గిడ్డంగి అనే మాటా తెలియదు, ఆ వస్తువూ తెలియదు. మాకు ఉన్నది పాతర.

'పాతు' అనే ధాతువు నుండి పుట్టిన మాట ఇది. నేడు పత్రికలలో 'నిబంధనలకు పాతర' అని శీర్షికలు చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. పాతర వేయడమంటే పోగొట్టుకోవడం కాదు, దాచుకోవడం. కరువునాడు తీసి తినడానికి దాచినదానిని సూచించే మాట, శవాన్ని పూడ్చిన అర్థంలోకి జారిపోయినది. సరిహద్దుకు ఆవలి కన్నడిగులు దీనినే 'హగేవు' అంటారు, మరాఠీలు 'పేవ్' అంటారు. అంటే ఇది ఒక్క మా ఊరి తెలివి కాదు, దక్కను పీఠభూమి అంతటి తెలివి.

మా తాతగారి ఇంటి ముందు వీధిలో ఒక పాతర ఉండేది. అందులో ఆఖరుసారి జొన్నలు పోసినప్పుడు నేను రెండవ తరగతిలోనో మూడవ తరగతిలోనో ఉన్నాను. దానిని తవ్వినది ఆయన తండ్రిగారి కాలంలో. ఆ తవ్వకంలో ఎంత ఆలోచన ఉన్నదో తాతగారు చెబుతుంటే అప్పుడు కథగా విన్నాను. ఇప్పుడు తలచుకుంటే అది ఒక కట్టడపు ప్రణాళిక.

మొదటిది నేల. నల్లరేగడిలో పాతర తవ్వరు. ఆ మన్ను వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. పగులు పడినచోట నీరు దిగుతుంది. మొరం గాని, గట్టి సుద్దనేల గాని కావాలి. అదీ మిట్ట మీద, వాననీరు నిలువని చోట కావాలి. రెండవది ఆకారం. నోరు ఒక మనిషి దిగేటంత ఇరుకు. లోనికి పోయినకొద్దీ కాగు వలె పొట్ట పెరగాలి. నోరు చిన్నదైతే మూయవలసిన చోటు తక్కువ, గాలి చొరబడే సందు తక్కువ. నడి ఎండాకాలంలో తవ్వి, లోపల మంట వేసి గోడలను ఆరబెట్టి, పేడమన్నుతో మెత్తేవారు. అడుగున, చుట్టూ జొన్న చొప్ప, వరిగడ్డి పరచి, బాగా ఎండిన జొన్నలు పోసి, పైన మళ్ళీ గడ్డి వేసి, బండ మూసి, మన్నుతో కప్పి కుప్ప పోసేవారు. కొలత పుట్లలో. ఇరవై తూములు ఒక పుట్టి అన్న లెక్క మా తరానికి బడిలో రాలేదు, ఆ వీధిలో వచ్చినది.

పాతర తెరవడం పెద్ద పండుగ, పెద్ద భయం కూడా. బండ తీసి ఒక పూట, కొన్ని చోట్ల ఒక రోజంతా అట్లే వదిలేవారు. తరువాత తాడుకు దీపం కట్టి లోపలికి దించేవారు. దీపం ఆరిపోతే మనిషి దిగరాదు. తొందరపడి దిగి, పైకి రాని వారి కథలు ప్రతి ఊరిలోనూ ఉండేవి. పెద్దలు 'పాతర పొగ' అనేవారు గాని అది పొగ కాదు. మూసిన పాతరలో గింజ ఊపిరి పీలుస్తుంది, గింజను తినే పురుగూ పీలుస్తుంది. ప్రాణవాయువు తరిగి, బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. ఆ గాలిలో పురుగు బ్రతుకదు. మందు లేదు, మాకు లేదు, గింజను కాపాడినది దాని ఊపిరే. అదే గాలి మనిషినీ చంపుతుంది. కెన్యాలో కరువు నిలువల కోసం భూమిలో సగం దిగేట్టు కట్టిన గాలిచొరని కాంక్రీటు కొట్లకూ, అర్జెంటీనా రైతులు పొలాల్లో పరచే పొడవాటి ప్లాస్టిక్ సంచులకూ సూత్రం ఇదే.

ఇంతగా పొగుడుతున్నాను గనుక దోషాలు కూడా చెప్పాలి. గోడ పక్కన జొన్నలు ముక్కిపోయేవి. పాతర జొన్నలకు ఒక వాసన, ఒక పసుపు ఛాయ వచ్చేది. ఆ రొట్టె పిల్లలము తినడానికి మొండికేసేవారము. అన్నిటికంటె ముఖ్యం, పాతర గింజ మొలవదు. అందుకే విత్తనాన్ని ఎన్నడూ పాతరలో వేయలేదు. బూడిద, వేపాకు కలిపి కుండలలోనో గుమ్మిలోనో ఇంట్లోనే ఉంచేవారు. తినేది వీధిలో భూమి కింద, నాటేది ఇంట్లో కళ్ళ ముందు. ఈ విభజన వెనుక ఉన్న వివేకం ఏ గ్రంథంలోనూ నేను చదువలేదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నిజాం ప్రభుత్వం లెవీ గల్లా వసూలు చేసినప్పుడు ఈ పాతరల మీదికి అధికారుల కన్ను పడినది. పండినా పండకున్నా ఎకరానికి ఇంత అని కొలిచి పోయవలె. దొరల గడీలలోని గాదెలను వదలి పేదవాని పాతర మీద గునపం వేసినారని తాతగారు చెప్పేవారు. లెవీ మీది ఆ కోపమే తరువాత తెలంగాణ సాయుధ పోరాటానికి ఒక కారణమైనదని చరిత్ర చదివిన వారందరికీ తెలిసినదే. తాతగారికి మిగిలినది మాత్రం ఒక్క వాక్యం: "గింజ ఉన్నవాడు కాదు రా, గింజను ఆపగలవాడు రైతు."

ఈ 'ఆపగలగడం' గురించే నేను చెప్పదలచినది. గిడ్డంగి అంటే నాలుగు గోడలు, కప్పు అని మనం అనుకుంటాము. దాని అసలు పని కాలాన్ని కొనడం. కోతల నాడు ధర పడుతుంది, నాలుగు నెలల తరువాత లేస్తుంది. ఆ నాలుగు నెలలు ఎవడు ఆగగలడో లాభం వానిది. పాతర ఉన్న రైతు కొంత ఆగగలిగినాడు. పాతర లేనివాడు, ఉన్నా అప్పుల్లో ఉన్నవాడు, కల్లంలోనే షావుకారుకు కొలిచి ఇచ్చినాడు.

మన దేశంలో ప్రభుత్వ గిడ్డంగుల ఆలోచన పుట్టినది సరిగ్గా ఈ బాధ నుండే. 1928లో నివేదిక ఇచ్చిన రాయల్ వ్యవసాయ కమిషన్ గిడ్డంగుల అవసరాన్ని చర్చించినది. స్వాతంత్ర్యం తరువాత గోర్వాలా అధ్యక్షతన గ్రామీణ పరపతిని పరిశీలించిన రిజర్వు బ్యాంకు సంఘం 1954లో స్పష్టంగా సిఫారసు చేసినది. రైతు తన ధాన్యాన్ని గిడ్డంగిలో పెట్టాలి. అక్కడ రసీదు ఇవ్వాలి. ఆ రసీదు చూసి బ్యాంకు అప్పు ఇవ్వాలి. రైతు ఇంటి అవసరం ఆ అప్పుతో గడచిపోతే, ధాన్యం మంచి ధర వచ్చేదాకా ఆగుతుంది. అంటే వారి దృష్టిలో గిడ్డంగి ఒక కట్టడం కాదు, ఒక కాగితం. ఆ సిఫారసు మీద 1956లో చట్టం వచ్చినది, 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ ఏర్పడినది, 1958లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గిడ్డంగుల సంస్థ. ఆ 1958లోనే ఉత్తరప్రదేశ్‌లోని హాపూర్‌లో ధాన్య నిలువల పరిశోధనకు ఒక కేంద్రం వెలసినది, తరువాత దాని శాఖ ఒకటి హైదరాబాదుకూ వచ్చినది. వారు ప్రచారం చేసిన ఇనుపరేకు గాదెలు మా ప్రాంతపు మోతుబరుల ఇండ్లలో కనిపించిన తరువాతే పాతరలు మూతబడసాగినవి.

1965లో భారత ఆహార సంస్థ వచ్చినది. ఆ దశాబ్దపు కరువులు, అమెరికా గోధుమల కోసం ఓడల వైపు ఎదురుచూపు తెలిసిన వారెవరూ ఆ సంస్థను తప్పుపట్టరు. కాని దానితో గిడ్డంగి ముఖం మారినది. రైతు ఆగడానికని తలపెట్టిన కట్టడం, ప్రభుత్వం కొన్న ధాన్యాన్ని రేషను దుకాణం దాకా ఆపడానికి ఉపయోగపడసాగినది. రెండూ అవసరమే. అయితే మొదటిదాని పేరు మీద రెండవది పెరిగినది. రసీదును బ్యాంకులో చేతులు మారే పత్రంగా గుర్తించే చట్టం 2007లో గాని రాలేదు. గోర్వాలా సంఘం చెప్పిన అర్ధశతాబ్దికి! మధ్యలో మార్కెట్ కమిటీల 'రైతుబంధు' పథకం ఒకటి ఉండినది. ఎకరాకు డబ్బు ఇచ్చిన 2018 నాటి పథకం కాదు, అంతకు చాలా ముందుది, అదే పేరుది. యార్డు గోదాములో సరుకు పెట్టిన రైతుకు దాని విలువలో ముప్పాతిక వంతు దాకా అప్పు ఇచ్చేవారు. చాలామంది రైతులకు అట్లాంటిది ఒకటి ఉన్నదనే తెలియదు. నాకూ ఒక పూర్వ విద్యార్థి చెబితే తెలిసినది.

ఇక కట్టడం సంగతి. గోదామంటే పెద్ద కొట్టమే గదా అనుకునేవాడిని. పరిశీలించిన కొద్దీ పాతర తవ్విన వారి ఆలోచనలే అక్కడా ఎదురైనవి. నేల మట్టం నుండి అరుగు ఎత్తుగా ఉండాలి. ఎలుక ఎగబ్రాకకుండా అరుగు అంచు ముందుకు చొచ్చుకొని ఉండాలి. రైలు పట్టాల పక్కనైతే ఆ అరుగు వ్యాగను తలుపుకు సమంగా రావాలి. పొడవు తూర్పు పడమరలుగా ఉంచితే పొడవు గోడల మీద ఎండ తక్కువ. కింద, పైన జాలీ బిగించిన గాలి కిటికీలు. బస్తాలు నేలమీద పెట్టరాదు, చెక్క చట్రాల మీద నెట్టు కట్టాలి. నెట్టుకూ గోడకూ మధ్య మనిషి తిరిగే సందు ఉండాలి. పురుగు పట్టితే నెట్టు మీద గాలి చొరని దుప్పటి కప్పి లోపల మందు బిళ్ళలు పెడతారు. ఆ దుప్పటి కింద జరిగేది పాతరలో జరిగినదే, ఊపిరి బదులు మందు, అంతే తేడా. ఐదు వేల టన్నుల గోదాము నూరు మీటర్లకు మించిన పొడవు ఉంటుంది. దాని కొలతలను నిర్ణయించేది గోడలు కావు, బస్తా. ఒక నెట్టు ఎంత, హమాలీ ఎంత ఎత్తుకు మోయగలడు, లారీ ఎక్కడ తిరుగుతుంది, ఇవి తేలిన తరువాతే గోడ గీత గీయాలి.

ఈ వరుస తప్పితే ఏమవుతుందో పట్నాలోని గోల్‌ఘర్ చెబుతుంది. 1770 నాటి బెంగాల్ కరువు తరువాత, 1786లో జాన్ గార్‌స్టిన్ అనే కంపెనీ ఇంజనీరు కట్టిన ధాన్యాగారం అది. తేనెతుట్టె ఆకారం, ఇరవై తొమ్మిది మీటర్ల ఎత్తు, చుట్టూ మెట్లు ఎక్కి పైనుండి ధాన్యం పోయాలి. కింది తలుపులు లోనికి తెరుచుకుంటాయని, నిండా పోస్తే ఇక తెరవలేరని జనం నేటికీ నవ్వుకుంటారు. అది ఎన్నడూ నిండిన దాఖలా లేదు. పేరు మాత్రం నిలిచినది. మన గండికోటలోని ధాన్యాగారం దీనికి ఎదురు ఉదాహరణ. దళసరి రాతి గోడలు, కమాను కప్పు, ఆర్భాటం లేని కట్టడం. కోట ముట్టడిలో పడినప్పుడు తిండి ఎంతకాలం వస్తుందన్న లెక్క దాని గోడలలోనే కనిపిస్తుంది.

గోల్‌ఘర్‌ను చూసి నవ్వే అర్హత నాకు లేదు. కారణం చెబుతాను.

ఉద్యోగ విరమణ తరువాత మా ప్రాంతంలోని ఒక పల్లెలో చిన్న గోదాము కట్టాలన్న సమావేశానికి నన్ను పిలిచినారు. ఊరి పేరు, వారి సంఘం పేరు వ్రాయను. పెద్దమనిషి తరహాగా ఒక మూల కూర్చొని తీర్మానం వ్రాసిపెట్టడం నా పని. స్థలాలు రెండు. ఒకటి ఊరి మిట్ట మీద మొరం నేల, పట్టాభూమి, కొనాలి. రెండవది చెరువు కింది నల్లరేగడి, సర్కారు భూమి, ఉత్తగానే వస్తుంది. అందరూ ఉత్తగా వచ్చేదానివైపు మొగ్గినారు. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న ఒక వడ్డెర వృద్ధుడు, తన కాలంలో దేశమంతా తిరిగి ఆనకట్టలకు మట్టి మోసినవాడు, నా వైపు చూసి అన్నాడు: "సారూ, గా దిక్కు ఒక్క పాతర గూడ లేదు. మా తాతలు ఎందుకు తవ్వలేదో అడుగుండ్రి." నాకు వెంటనే మా తాతగారి మాటలు గుర్తుకు వచ్చినవి. నోరు మాత్రం పెగలలేదు. నేను పంతులును, ఇంజనీరును కాను అనుకున్నాను. "కాలం మారింది తాతా, ఇప్పుడు సిమెంటు ఉన్నది" అని ఎవరో అన్నారు, అందరూ నవ్వినారు. 'సర్వసమ్మతిగా' అని తీర్మానంలో వ్రాసినాను. ఆ మాట నా చేతివ్రాతలోనే ఉన్నది.

నల్లరేగడిలో కట్టరాదని కాదు. ఆ మన్ను తగినంత లోతు తీసి మొరం నింపాలి. లేదా అడుగున ఉల్లిగడ్డ వలె ఉబ్బిన కాంక్రీటు స్తంభాలను లోతుకు దించాలి, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇట్లాంటి నేలల కోసం అభివృద్ధి చేసిన పద్ధతి అది. (నోరు ఇరుకు, అడుగు వెడల్పు. పాతరను తలచుకొని నాలో నేనే నవ్వుకున్నాను.) అక్కడ అవేవీ చేయలేదు. ఉత్తగా వచ్చిన భూమి మీద ఖర్చు పెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? రెండు ఎండాకాలాలు గడిచేసరికి నేల నెర్రెలిచ్చినది. మూడవ వానాకాలంలో చెమ్మ పైకి ఎక్కి, అడుగు వరుస బస్తాలలో వడ్లు మొలకెత్తినవి. ఆ బస్తాలలో కొన్ని, ధర కోసం ఆగుదామని దాచుకున్న ఒక చిన్న రైతువి. ఆగినందుకు ఆయనకు దక్కినది ఆ మొలకలు. నేను పోయి చూసినాను. ఆయన నన్నేమీ అనలేదు, కూర్చోమని మంచం వాల్చినాడు. ఆ వృద్ధుని కోసం అడిగితే అప్పటికే కాలం చేసినాడని చెప్పినారు.

జూరాల వెనుక జలాల నుండి భీమా ఎత్తిపోతల పథకం నీరు సంగంబండ జలాశయానికి ఎక్కిన తరువాత మక్తల్ చుట్టుపట్ల భూమి రంగు మారినది. రెండు లక్షల ఎకరాలకు పైగా తడపాలని ఉద్దేశించిన పథకం అది. జొన్న, కంది, వేరుశనగ పండిన చోట వరి నిలబడినది. వలసపోయి ఊరూరా మట్టి మోసిన పాలమూరు కూలీ సొంత మడిలో నాట్లు వేసినాడు. ఇది చూడడానికి బ్రతికి ఉన్నందుకు నేను ఎంతో సంతోషించినాను. అయితే వరికి జొన్న గుణం లేదు. కోసిన నాడు తడిగా ఉంటుంది, యంత్రంతో కోస్తే మరీను. పదిహేడు శాతం తేమకు దిగితేగాని కొనుగోలు కేంద్రంలో కాంటా ఎక్కదు. రాష్ట్రంలో ప్రభుత్వం కొన్న వడ్లు 2014-15లో సుమారు 24 లక్షల టన్నులు, 2020-21లో 141 లక్షల టన్నులు. ఆ మధ్యకాలంలో నాబార్డు రుణంతో మూడు వందలకు పైగా గోదాములు కట్టినారు, అది చిన్న పని కాదు. అయినా పంట గోదాములకంటె వేగంగా పెరిగినది. నేను పనిచేసిన ఒక ఊరి బడిలో ఒక సంవత్సరం వేసవి సెలవులలో రెండు గదులను బస్తాలతో నింపినారు. బడి తెరిచేనాటికి ఎలుకలు వడ్లతో పాటు ఏడవ తరగతి తెలుగు వాచకాలను కూడా సమగ్రంగా అధ్యయనం చేసి ఉన్నవి.

2023లో కేంద్రం సహకార సంఘాల ద్వారా ఊరి స్థాయిలో గిడ్డంగులు కట్టించే పథకాన్ని ఆమోదించినది. 700 లక్షల టన్నుల నిలువ సామర్థ్యం లక్ష్యమన్నారు. ప్రయోగాత్మకంగా మొదలైన వాటిలో మన గంభీరావుపేట సంఘపు 500 టన్నుల గోదాము ఒకటి. 500 టన్నులు అంటే రైతు తన బస్తాను తాను గుర్తు పట్టగలిగేటంత చిన్న కట్టడం. ఆ కొలత నాకు నచ్చినది. 2023 అక్టోబరులోనే జక్లేరు, కృష్ణా స్టేషన్ల మధ్య కొత్త రైలుమార్గం మొదలై మక్తల్ మీదుగా బండి నడుస్తున్నది గనుక, ఇకముందు మా దగ్గర కట్టేవారు వ్యాగను తలుపు ఎత్తు కూడా లెక్కలో పెట్టుకొనవచ్చును. నేల సంగతి ఎవరైనా అడిగితే మాత్రం, ఈసారి నేను నోరు తెరిచి చెబుతాను.

మా తాతగారి పాతర ఇప్పుడు లేదు. వీధికి సిమెంటు రోడ్డు వేసినప్పుడు ట్రాక్టరు చక్రం దిగబడితే మొరం పోసి పూడ్చినారు. నోటిమీది బండను మాత్రం ఇంటి వెనుకకు తెచ్చి వేయించినాను. ఇప్పుడు దాని మీద బట్టలు ఉతుకుతారు. పాతర నోటి అంచు రాయి కూడా ఉన్నది. జొన్నల గంపలు పైకి లాగిన తాడు రాపిడికి దాని మీద పడిన గాళ్ళు వేలికి తగులుతాయి. బస్సు దిగి ఇల్లు చేరినాక మనుమనికి వాటిని చూపించినాను. వాడు బండను అటూ ఇటూ తడిమి, "మరి తాళం ఎక్కడ వేసేవారు?" అని అడిగినాడు. తాళం లేదు రా, అది నడివీధిలో ఉండేది, బండ లేపడానికి నలుగురు మనుషులు కావాలి, దీపం దించడానికి ఊరంతా వచ్చి నిలబడేది అని చెప్పినాను.